స్లీవ్ తర్వాత తగ్గడం ఎలాగో అందరూ చెప్పారు, ఆగడం ఎలాగో ఎవరూ చెప్పలేదు

గోదావరి_గట్టు
బరువు తగ్గడానికి కడుపుని కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయి పదిహేను నెలలు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఆపరేషన్ రోజు 112 కిలోలు, ఇవాళ పొద్దున 71. తొమ్మిది వారాలుగా ముల్లు 70.5కీ 71.8కీ మధ్యే తిరుగుతోంది. పోయిన నెల చెకప్‌కి వెళ్తే సర్జన్ గారు ఫైలు తిరగేసి "చాలా బాగుంది, ఇక మెయింటెనెన్స్" అన్నారు. అంతే, ఆ ఒక్క మాట. తగ్గడానికి ఇచ్చిన కాగితాలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. మొదట ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, తర్వాత మామూలు తిండి, ఏ నెలలో ఎంత ప్రోటీన్, అన్నీ రాసి ఇచ్చారు. ఆగడానికి మాత్రం ఒక్క కాగితం లేదు.

మొన్న జాకెట్లు కుట్టించడానికి వెళ్ళా, ఈ ఏడాదిలో నాలుగోసారి. టైలరమ్మ కొలత తీసుకుని, సుద్దముక్క చేతిలో పట్టుకుని "ఇంకా తగ్గుతారా అమ్మా? లోపల గుడ్డ వదలనా, కత్తిరించేయనా?" అని అడిగింది. చాలా మామూలు ప్రశ్న. నాకు నోట మాట రాలేదు. వదిలితే మళ్ళీ లావవుతానని నేనే ఒప్పుకున్నట్టు. కత్తిరిస్తే, రేపు పట్టకపోతే? "తర్వాత చెప్తా" అని గుడ్డ అక్కడే వదిలేసి వచ్చా.

అసలు విషయం ఏంటంటే, నాకు భయంగా ఉంది. అన్నం ఒక ముద్ద ఎక్కువైతే 112 కళ్ళ ముందు కనిపిస్తోంది. ఆ భయంతో రెండు నెలల నుంచి పొద్దున టిఫిన్ మానేశా. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. మొదట్లో ఊడి మళ్ళీ వచ్చిన జుట్టు ఇప్పుడు మళ్ళీ ఊడుతోంది. అత్తయ్య "మొహం పీక్కుపోయింది, ఇక చాలమ్మా" అంటున్నారు. ఈ దశ దాటినవాళ్ళు ఉంటే మీరేం చేశారో చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల
పదమూడో నెల. అదే భయం. నేను రాయాల్సింది మీరు రాసినట్టుంది. జవాబుల కోసం కూర్చున్నా.

లెక్క_తప్పదు
లెక్క చూద్దాం. మనవాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23 లోపు ఉండాలి. మీ ఎత్తుకి అది 57 కిలోలు. అంటే ఇంకా 14 కిలోలు ఉన్నాయి. ఇప్పుడే ఆగడం దేనికి? నేను 5.4, 66కి తెచ్చుకున్నా. పట్టుదల ఉంటే వస్తుంది. బరువు ఆగిపోయిందంటే తిండి ఇంకొంచెం తగ్గించాలని అర్థం.

బైపాస్2018
లెక్క_తప్పదు గారూ, కళ్ళు తిరుగుతున్నాయని ఆవిడ రాసింది చదివారా? ఇంకా తగ్గించమంటున్నారు!

గోదావరి_గట్టు గారూ, నా సంగతి మొత్తం చెప్తాను, ఎందుకంటే మీరు ఇప్పుడు నిలబడ్డ చోటే నేను తప్పటడుగు వేశా. 2018 మార్చిలో బైపాస్, గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి దారి మార్చేది. అప్పుడు 134. 2019 దీపావళికి 81. డాక్టర్ గారు చాలన్నారు. నేను వినలేదు. 75 చూడాలని పట్టుబట్టి 79 దాకా లాగా. ఆఫీసులో మధ్యాహ్నం మూడింటికి కుర్చీలోనే నిద్ర. పిల్లాడు క్రికెట్‌కి రమ్మంటే విసుగు. అప్పుడే లాక్‌డౌన్ వచ్చింది, ఇల్లు, కుర్చీ, వంటింట్లో డబ్బాలు. 2021కి 92.

పెరిగిన బరువు కన్నా నాకు ఎక్కువ నష్టం చేసింది సిగ్గు. "ఇంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ పెరిగాడు" అంటారని రెండేళ్ళు చెకప్‌కే వెళ్ళలేదు. పెరిగింది తగ్గాక వెళ్దాం అనుకున్నా. మాత్రలు కూడా అప్పుడే ఆగాయి. అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలై చెప్పు ఊడిపోయినా తెలియని స్థితికి వచ్చాక వెళ్తే బీ12 అట్టడుగున ఉంది. ఇంజెక్షన్లు వేశారు. డాక్టర్ గారు ఒక్క మాట కూడా తిట్టలేదు. "పెరిగినప్పుడే రావాలి కదండీ" అన్నారు. ఇప్పుడు మూడేళ్ళుగా 86 దగ్గర ఉన్నా. షుగర్ మాత్ర లేదు, బీపీ మాత్ర సగం. మా అబ్బాయికి బౌలింగ్ చేస్తున్నా.

పథ్యం_పాఠం
నేను డైటీషియన్‌ని, ఆపరేషన్ అయినవాళ్ళతోనే నా పని. రెండు విషయాలు వేరువేరుగా చెప్తాను.

మొదటిది లెక్క. 23 అనే గీత మొత్తం జనాభాలో షుగర్, గుండెజబ్బుల ముప్పు చూసి పెట్టింది. 112 నుంచి దిగివచ్చిన మనిషి చేరాల్సిన గమ్యం అని పెట్టింది కాదు. 57నే ప్రమాణంగా తీసుకున్నా, ఆపరేషన్ రోజు అధికంగా ఉన్నది 55 కిలోలు. అందులో 41 పోయింది, అంటే ముప్పావు వంతు. సగం పోతేనే ఆపరేషన్ ఫలించినట్టు లెక్కవేస్తారు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చేసిన పెద్ద పరిశీలన ఒకటుంది. అందులో బైపాస్ అయినవాళ్ళు ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్ళ నాటికి 25 శాతం దగ్గర నిలిచారు. అంటే 120 కిలోల మనిషి 82కి దిగి, మెల్లగా 90కి వచ్చి ఆగాడనుకోండి, అది ఓడిపోవడం కాదు. బైపాస్2018 గారూ, మీ 134లో 86 అంటే 36 శాతం తగ్గుదల నిలబెట్టుకున్నారు. ఆ సగటు కంటే మీరు చాలా మెరుగు.

రెండోది జుట్టు. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలల మధ్య ఊడటం మామూలే, బరువు గబగబా పడిపోయినందుకు శరీరం చూపించే ప్రతిచర్య. పదిహేనో నెలలో కొత్తగా మొదలైతే దాన్ని మామూలు అని వదిలేయకూడదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పేది), బీ12, విటమిన్ డి, థైరాయిడ్, జింక్ చూపించుకోండి. కళ్ళు తిరగడం కూడా ఉంది కాబట్టి ఈ వారమే. పొద్దున టిఫిన్ రేపటి నుంచే మొదలుపెట్టండి, రిపోర్టులు వచ్చేదాకా ఆగకండి.

బైపాస్2018
36 శాతం. ఇన్నేళ్ళలో ఈ లెక్క నాకెవరూ ఇలా వేసి చూపించలేదు. ధన్యవాదాలమ్మా. ఇవాళ మా ఆవిడకి కూడా చదివి వినిపిస్తా.

గోదావరి_గట్టు
శనివారం రక్తపరీక్షకి వెళ్తున్నా. పథ్యం_పాఠం గారూ, మరి ఎంత పెంచాలి? "కొంచెం పెంచు" అంటే నాకు చెమటలు పడుతున్నాయి. కొంచెం అంటే ఎంత?

పథ్యం_పాఠం
రోజుకి 100 కేలరీలు. ఒక ఉడికించిన గుడ్డు, దాంతో నాలుగు బాదం పప్పులు, అంతే. రెండు వారాలు అదే కొనసాగించండి. వారం సగటు బరువు ఇంకా కిందికి పోతుంటే మరో వంద. నిలకడగా ఉంటే అక్కడ ఆగండి. ఒక్కసారిగా మూడు వందలు పెంచితే కాటా మీద భయం మొదలై మళ్ళీ అన్నీ మానేస్తారు, అలా మానేసినవాళ్ళని చాలామందిని చూశా.

ఇంకో మాట. మొదటి వారంలో అరకిలో, కిలో పెరిగితే కంగారు పడొద్దు. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న కండరాల్లోకి గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకునే పిండిపదార్థం, చేరుతుంది. దానిలో ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు చేరతాయి. అది నీళ్ళ బరువు, కొవ్వు కాదు.

నల్లకుంట_నడక
ఆ నీళ్ళ సంగతి తెలియకే నేను మొదట్లో ఏడ్చాను. బిరియానీ తిన్న మర్నాడు 1.3 కిలో ఎక్కువ. మూడో రోజుకి పోయింది.

నేను రోజూ చూసుకుంటా. పొద్దున బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఫోన్లో రాసుకుని ఆదివారం సగటు తీస్తా. 68 నుంచి 71 వరకు నా గట్టు. రెండు వారాల సగటు 71 దాటితే అప్పుడే ఏదైనా మార్చడం. ఒక్క రోజు అంకెకి లొంగను. నాలుగేళ్ళుగా ఇలాగే.

డల్లాస్_దోసె
రోజూ చూడటం అందరికీ పడదండీ. నాకు ఆ మిషన్ మీద ఎక్కితే ఆ రోజు మూడ్ అదే చెప్పేది. 200 గ్రాములు ఎక్కువుంటే రోజంతా పస్తు, రాత్రికి ఆగలేక ఫ్రిజ్ ముందు. చివరికి మా ఆయన దాన్ని తీసుకెళ్ళి గరాజ్‌లో కారు వెనక పెట్టారు. చలికాలంలో అక్కడిదాకా వెళ్ళి ఎక్కాలంటే మనిషి ఆలోచించుకుంటుంది కదా! ఇప్పుడు నెలకి రెండుసార్లు. మిగతా రోజులు ఒక జీన్స్ ప్యాంటు ఉంది, దాని బటనే నాకు మిషన్.

నల్లకుంట_నడక
మా ఇంట్లో గరాజ్ లేదు గానీ టెర్రస్ ఉంది, మూడంతస్తులు. అక్కడ పెడితే ఎక్కేలోపే అరకిలో తగ్గుతాం 😄
అందరికీ ఒకటే పద్ధతి కాదు, ఒప్పుకుంటున్నా. గోదావరి గారూ, ఆ అంకె చూసి మీరు తిండి మానేస్తుంటే మాత్రం డల్లాస్ గారి దారే మీకు మంచిది.

సాయంత్రం_టీ
ఎవరూ చెప్పని ఇంకో సంగతి. స్లీవ్ అయ్యాక రెండు ఇడ్లీలకే పొట్ట బిర్రుగా అవుతుంది కదా, కాబట్టి ఎక్కువ తినలేం అని నేను ధీమాగా ఉన్నా. రెండో ఏడు 5 కిలోలు పెరిగా. భోజనంలో ఒక్క ముద్ద తేడా లేదు. ఎలా పెరిగానో అర్థం కాలేదు.

ఒక ఆదివారం మా అమ్మ పంపిన జంతికల డబ్బాని వంటింటి త్రాసు మీద పెట్టా. టీ ముందు 640 గ్రాములు. టీవీ చూస్తూ ఒకటి, ఫోన్ మాట్లాడుతూ రెండు, నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ఒకటి. పడుకునే ముందు మళ్ళీ పెట్టా, 460. అంటే 180 గ్రాములు. నూనెలో వేయించిన పిండి, సుమారు 900 కేలరీలు. పొట్ట నిండినట్టే లేదు. జంతికలు, మిక్చరు, బిస్కెట్లు, ఇవి నోట్లోనే పొడి అయిపోయి టీతో పాటు జారిపోతాయి. కోడిమాంసం ఆగినట్టు ఇవి కడుపులో ఆగవు. ఆపరేషన్ మన కడుపుని చిన్నది చేసింది గానీ జారిపోయేవాటికి అడ్డం పడదు.

ఇప్పుడు సాయంత్రం గుగ్గిళ్ళు. ఉడికించిన శనగలు ఒక చిన్న గిన్నె తింటే రాత్రి దాకా ఇంకేమీ అడగదు. అమ్మకి చెప్పా, ఇప్పుడు జంతికలు మా అక్క వాళ్ళింటికి వెళ్తున్నాయి. అక్క మాత్రం నా మీద కోపంగా ఉంది.

ఓరుగల్లు_పిల్ల
మా ఇంట్లో సకినాలు. పండగ నెల రాకముందే ఇది చదవడం మంచిదైంది.

బెజవాడ_ఎండ
నా మాట వినండి, అన్నం పూర్తిగా మానేయండి. నేను మూడేళ్ళయింది ముట్టి. రాగి జావ, జొన్నరొట్టె, కూర. ఒక్క కిలో పెరగలేదు. అన్నం ఉన్న ఇంట్లో బరువు నిలవదు.

బైపాస్2018
మీకు పని చేసింది, సంతోషం. నేను కూడా మానేశా, ఎనిమిది నెలలు. తర్వాత మా చెల్లెలి పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు పప్పు, నెయ్యి, ఆవకాయ వాసనకి ఆగలేకపోయా. గబగబా తిని, నీళ్ళు తాగి, పది నిమిషాల్లో చెమటలు, గుండె దడ. పందిరి వెనక కుర్చీలో పడుకోబెట్టారు. ఏదైనా "జీవితాంతం వద్దు" అనుకుంటే నాకు అదే రోజంతా గుర్తొస్తుంది. ఇప్పుడు అన్నం ఉంది, కానీ ఆఖర్న. ముందు గుడ్డో చేపో, తర్వాత కూర, తర్వాత చోటు మిగిలితే పెరుగుతో నాలుగు ముద్దలు. చాలా రోజులు ఆ నాలుగు ముద్దలకీ చోటే ఉండదు.

బెజవాడ_ఎండ
ఆఖర్న తినడం అనే మాట బాగుంది. నేను మాత్రం మళ్ళీ మొదలుపెట్టను, నా సంగతి నాకు తెలుసు.

డల్లాస్_దోసె
బైపాస్2018 గారికి అయింది వెంటనే వచ్చే డంపింగ్, అంటే తిన్నది కడుపులో ఆగకుండా గబుక్కున పేగులోకి దిగిపోవడం. ఆలస్యంగా వచ్చేది కూడా ఉంటుంది, అది నాకు అనుభవం. గుళ్ళో చక్కెర పొంగలి ప్రసాదం, దొప్ప నిండా. తిన్నప్పుడు బాగానే ఉంది. రెండు గంటల తర్వాత డ్రైవింగ్‌లో చేతులు వణుకు, కళ్ళు మసక. పక్కకి ఆపి చూస్తే షుగర్ 52. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే ఇన్సులిన్ ఎక్కువ ఊరి షుగర్ పడిపోతుందని డాక్టర్ చెప్పారు. బైపాస్ అయినవాళ్ళకి ఇది ఎక్కువట. గోదావరి గారూ, మీ కళ్ళు తిరగడం తిన్న ఒకటి నుంచి మూడు గంటల లోపా, ఖాళీ కడుపుతోనా? డాక్టర్‌కి ఆ తేడా తప్పకుండా చెప్పండి.

గోదావరి_గట్టు
ఖాళీ కడుపుతోనే అండి. పొద్దున పదకొండు ప్రాంతంలో. రాసుకున్నా, చెప్తా.

మౌనంగా_చదివేవాణ్ణి
నాకు ఆపరేషన్ కాలేదు, మా ఆవిడకి అయింది. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. రోజూ పొద్దున కాఫీ ఇస్తూ "ఇవాళ ఎంత?" అని అడిగేవాణ్ణి. తగ్గినన్నాళ్ళు తను నవ్వుతూ చెప్పేది. నాలుగు నెలలుగా అంకె కదలడం లేదు. అడిగితే మొహం తిప్పుకుంటోంది. నేను ఉత్సాహం ఇస్తున్నాననే అనుకున్నా. ఏం చేయాలి?

గోదావరి_గట్టు
అన్నయ్యా, ఆ ప్రశ్న ఇవాళ్టి నుంచి మానేయండి. తగ్గినన్నాళ్ళు అందరూ మెచ్చుకుంటారు. ఫోటో పెడితే వంద మంది. ఆగిన రోజు నుంచి ఒక్కరూ ఏమీ అనరు, ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. నిలబెట్టుకోవడానికి కూడా అంతే కష్టపడుతున్నామని ఎవరికీ కనిపించదు. బరువు బదులు "కాల్షియం వేసుకున్నావా" అనండి. లేదా ఇద్దరూ కలిసి నడకకి వెళ్ళండి, ఏమీ అడగకుండా.

మౌనంగా_చదివేవాణ్ణి
సరేనమ్మా. నాకు తట్టనే లేదు.

పథ్యం_పాఠం
నడక మంచిదే, దాంతో పాటు వారానికి రెండు రోజులు బరువులు కూడా. ఇంత తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ తగ్గితే శరీరానికి రోజుకి కావాల్సిన కేలరీలు తగ్గిపోతాయి. జిమ్ లేకపోతే కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, పదేసి సార్లు మూడు విడతలు. ప్రోటీన్ రోజుకి 60 గ్రాములకి తగ్గకూడదు. గుడ్డుకి ఆరు గ్రాములే, కాబట్టి ఒక గుడ్డు తిని ప్రోటీన్ అయిపోయిందనుకోవద్దు. తిండితో పాటు నీళ్ళు వద్దు, అరగంట తేడా ఉండాలి. ఇది మొదటి నెల రూలు కాదు, ఎప్పటికీ రూలే.

నల్లకుంట_నడక
మందు గురించి కూడా ఎవరైనా అనాలి కదా, నేనే అంటా. ఆపరేషన్ తర్వాత ఒక్క పెగ్గు మునుపటి రెండు పెగ్గుల్లా ఎక్కుతుంది, అది కూడా చాలా త్వరగా. నా స్నేహితుడొకడు తిండి మీద పోయిన ఇష్టాన్ని గ్లాసులో వెతుక్కున్నాడు. రెండో ఏడే మొదలైంది. ఇప్పుడు మానిపించే చికిత్సలో ఉన్నాడు. తిండితో బాధ మరిచిపోయే అలవాటున్నవాళ్ళం మనం, ఆ అలవాటు ఇంకోచోట తలుపు తడుతుంది. జాగ్రత్త.

సాయంత్రం_టీ
మళ్ళీ పెరిగినవాళ్ళకి బరువు తగ్గించే ఈ కొత్త ఇంజెక్షన్లు ఇస్తున్నారట, నిజమేనా? 5 కిలోలకి అడగొచ్చా?

పథ్యం_పాఠం
ఆపరేషన్ తర్వాత బాగా పెరిగినవాళ్ళకి డాక్టర్లు ఇస్తున్నారు, నిజమే. ఆకలి తగ్గుతుంది. మనకి మామూలుగానే ప్రోటీన్ సరిపోవడం కష్టం, దాని మీద ఆకలి కూడా పోతే ఇంకా లోటు. అందుకని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సంగతి కాదు. మీ 5 కిలోలకి గుగ్గిళ్ళు పని చేస్తున్నాయిగా!

లెక్క_తప్పదు
అందరి మాటలూ చదివా. నేను తప్పు లెక్క చెప్పలేదు, 57 అనేది చార్టులో ఉన్నదే. కానీ ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయన్నది నేను సరిగ్గా చూడకుండా రాశా, అది తప్పే. నిన్న నేనూ ఆలోచించుకున్నా. 66లో ఉండటానికి రోజుకి 850 కేలరీలే తింటున్నా. ఎండాకాలంలో కూడా చేతులు చల్లగా ఉంటాయి. ఇన్నాళ్ళూ అది పట్టుదల అనుకున్నా. రక్తపరీక్ష చేయించుకుని ఏడాదిన్నర అయింది.

బైపాస్2018
తమ్ముడూ, నువ్వు కూడా శనివారం వెళ్ళు.

గోదావరి_గట్టు
మూడు వారాలైంది, సంగతి చెప్పాలి కదా. ఫెరిటిన్ 9. ఐరన్ నిల్వలు దాదాపు ఖాళీ. బీ12, థైరాయిడ్ సరిగానే ఉన్నాయి, డి తక్కువ. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగేస్తున్నానని డాక్టర్ గారు పట్టుకున్నారు. ఒకదానికొకటి అడ్డం కాబట్టి రెండు గంటల తేడా ఉండాలట. పైగా నేను ఐరన్ మాత్ర టీతో వేసుకుంటున్నా. అది కూడా తప్పే. పది నెలలుగా రోజూ క్రమం తప్పకుండా వేసుకున్నా, ఒంటికి పట్టింది మాత్రం కొంచెమే.

పొద్దున టిఫిన్ మొదలుపెట్టా. ఒక చిన్న పెసరట్టు, ఒక గుడ్డు. మొదటి రోజు ప్లేటు ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నా. అత్తయ్య చూసి ఏమీ అనకుండా పక్కన కుర్చీ వేసుకుని తన అట్టు తిన్నారు. రెండో వారం ఇంకో వంద కలిపా, మధ్యాహ్నం పెరుగు. మొదట 72.1 చూసి గుండె ఆగినంత పనైంది. మూడో రోజుకి 71.2. ఈ వారం సగటు 71.4. మెట్ల మీద కళ్ళు తిరగడం బాగా తగ్గింది.

జాకెట్ల సంగతి. నిన్న వెళ్ళి అంగుళంన్నర గుడ్డ లోపల వదలమన్నా. టైలరమ్మ "అంతేనా, అందరికీ అంతే వదులుతానమ్మా" అంది.

డల్లాస్_దోసె
అత్తయ్య గారి పెసరట్టు దగ్గర నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

లెక్క_తప్పదు
నా రిపోర్టు మంగళవారం వస్తుంది. మీది ఐరన్ మాత్రేనా, సెలైన్‌లో ఎక్కించారా?

గోదావరి_గట్టు
ప్రస్తుతానికి మాత్రే, నిమ్మరసం నీళ్ళతో. రెండు నెలల తర్వాత మళ్ళీ చూసి, పెరగకపోతే ఎక్కిస్తామన్నారు. మీది రాగానే ఇక్కడ పెట్టండి.